వెనక్కి చూసే చెయ్యి

తేమా రేవులో మూడో గోదాం వెనక గది మంచిది కాదని కూలీలందరికీ తెలుసు. అక్కడ పచ్చక్షరాల పాత కంప్యూటరు తెర ఒకటుంది. ఏ కంటైనరు ఎక్కడుందో ఆ తెరలోని పట్టికే చెప్పాలి. దాని ముందు కుర్చీలోనే పెద్ద గుమాస్తా టెట్టే గుండె ఆగి పోయాడు.

తర్వాత ఆ కుర్చీ నాది. ఇరవై రెండేళ్లు. నేను చదివింది మూడో తరగతి. అయితేనేం, తెర మీద మాటలతో నాకు పనిలేదు. ఆరో వరస నుంచి మొదలు. ఎడమ నుంచి రెండోది కంటైనరు నంబరు, నాలుగోది దాని చోటు. ఒక్క తప్పు చూపించమనండి.

మొన్న కాపలా ఇద్రిసు చెప్పాడు — చీకటి పడ్డాక, తాళం వేసిన గదిలో, ఆ తెర తనంతట తానే పేజీలు తిప్పుతోందట.

"అమోఆకో మావా, టెట్టే తన కుర్చీ కోసం వచ్చాడేమో," అని నవ్వాడు. నవ్వుతూనే రెండడుగులు వెనక్కేశాడు.

నేను వెళ్లాను. ఒకప్పుడు టెట్టే ఒక కంటైనరు చూడక వదిలేసి, ఆ తప్పు నా నెత్తిన వేశాడు. అందరి ముందూ అక్షరం రాని గాడిదన్నాడు. చచ్చినవాడైనా సరే, మొహం మీద అడగాల్సిన మాట ఉంది.

తాళం తీశాను. చీకటి… తెర ఒక్కటే పచ్చగా. కుర్చీ ఖాళీ.

మీట ఎవరూ నొక్కలేదు. పేజీ తిరిగింది. వెలుగు ఆరో వరస మీద ఆగింది… ఏడో వరస… ఎనిమిది…

"టెట్టే," అన్నాను మెల్లిగా.

చివరి పేజీ వచ్చింది. అప్పుడు — వెనక్కి ఒక పేజీ వెళ్లింది. అక్కడి ఆఖరి వరస మళ్లీ చూసుకుంది. ముందుకొచ్చింది. ఖాళీ వరస ఒకటి తగలగానే ఆగిపోయింది.

టెట్టే ఏనాడూ వెనక్కి చూసినవాడు కాదు. చూడకే ఆ కంటైనరు పోగొట్టాడు. ఆ రోజు నుంచి అలా వెనక్కి చూసేది ఈ రేవు మొత్తంలో ఒక్కడే. నేను.

నేను గుమ్మంలో ఉన్నాను… నా చెయ్యి లోపల పని చేస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది జిఫా. పై ఆఫీసు పిల్ల. పని నేర్చుకుంటానని రెండు వారాలు నా పక్కన కూర్చుంది. నా కెంకే ముద్దలో సగం తింది. మావయ్యా, అది ఎందుకు, ఇది ఎందుకు అని ప్రతిదీ అడిగింది. ఎందుకు అడుగుతున్నావని నేను అడగలేదు.

పొద్దున్నే వెళ్లి నిలదీశాను. తల ఎత్తకుండానే చెప్పింది. కొత్త యంత్రం వస్తోందట. పాత తెరలో ఉన్నదే కొత్తదాంట్లోనూ ఉందా అని రోజూ రాత్రి పరీక్ష నడుస్తుందట. అందుకు ప్రోగ్రామేమీ రాయలేదట. తెర మీది పట్టిక చుట్టూ డబ్బా గీసి, నేను చేసినట్టే చెయ్యమని కంప్యూటరుకు చెప్పిందట. ఖాళీ వరస వస్తే పట్టిక అయిపోయినట్టేనట. నెలాఖరు దాకా రెండూ సరిపోతే పాత గది మూసేస్తారు.

"మరి నా కుర్చీ?"

"పైవాళ్ల మాట మావయ్యా. అయినా చూపించింది మీరే కదా."

రాత్రి ఆ ఖాళీ వరస కింద ఇంకో మూడు వరసలున్నాయి. కరెంటుతో చల్లగా ఉంచే చేపల కంటైనర్లు ఎప్పుడూ ఖాళీ వరస కిందే వస్తాయి. ఆ పిల్ల నా పక్కన కూర్చున్న రెండు వారాల్లో చేపల ఓడ రాలేదు. కొత్తదాంట్లో అవి లేకపోయినా, పరీక్ష సరిపోయిందనే అంటుంది. పట్టికలో లేని పెట్టెకు ఎవరూ కరెంటు తగిలించరు. ఈ ఎండకు చేపలు కుళ్లడానికి రెండు రోజులు చాలు.

జిఫా అప్పటికి తలెత్తింది. "నేనేమైనా వదిలేశానా, మావయ్యా?"

"లేదమ్మా. అన్నీ తీసుకున్నావు."

టోపీ పెట్టుకుని బయటికొచ్చాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, వెనక్కి చూడలేదు.