పెద్దపంజాణి దగ్గర ఆగిన పెళ్లిచూపులు

పెద్దపంజాణి ఊరు దాటగానే బానెట్ సందుల్లోంచి గుప్పున ఆవిరి లేచింది. లోహిత్ కారును పక్కకు తీసి ఆపేలోపే, ముందు సీట్లో ఉన్న అతని తల్లి సిద్ధమ్మ తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేసింది.

"పేలిపోతాది నాయనా! దిగు, దిగు!"

"పేలదుమ్మా. ఇంజను హీటెక్కింది, అంతే."

"అంతేనా? పిల్లను సూసేదానికి పోతాంటే బండి నిలిచిపోతే అంతే అంటావా? ఇది అపశకునం. వెనక్కి తిప్పు. ఈ సంబంధం మనకొద్దు."

లోహిత్ మొహం పాలిపోయింది. ఫోటోలో తప్ప చూడని పిల్ల కోసం వీడికింత బెంగేమిటో సిద్ధమ్మకు అర్థం కాలేదు. ఏనుగులు చేలో పడతాయని భర్త గురప్ప రామకుప్పంలోనే ఉండిపోయాడు. ఆయన వచ్చినా బాగుండేది. ఇప్పుడు ఈ రోడ్డు మీద ఏ లారీ గుద్దినా అడిగే దిక్కు లేదు.

లోహిత్ దూరంగా వెళ్లి ఫోన్‌లో ఏదో గుసగుసలాడాడు. కాసేపటికి పుంగనూరు వైపు నుంచి స్కూటర్ మీద ఒక అమ్మాయి వచ్చి ఆగింది. ఆకుపచ్చ పట్టుచీర, తలనిండా మల్లెలు, గాజులు మాత్రం ఒక్క చేతికే.

"నమస్కారమమ్మా. నేను హరితను. మీరు సూసేదానికి వస్తాండేది నన్నే."

"అయ్యో! పెండ్లికూతురు ఇట్ల రోడ్డు మీదికి వస్తారా తల్లీ? గాలికి చీర చక్రంలో పడుంటే?"

"దోపుకోనే వచ్చినానమ్మా. మా నాయనకు టమోటా వ్యాన్లు ఉండాయి. ఎండాకాలంలో హీటెక్కని బండి మా ఇంట్లో లేదు."

లోహిత్ ఊరకుండలేక రేడియేటర్ మూత మీద చెయ్యేశాడు.

"ముట్టద్దురా! మొహం కాలిపోతాది!"

ఆ మాట అనేసి హరిత నాలుక కరుచుకుంది. లోహిత్ ఆకాశం వైపు చూశాడు. సిద్ధమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముందు ఈ బండి సంగతి తేలనీ అనుకుంది.

"నీళ్లు కారిపోయినాయా?" హరిత కింద వంగి చూసింది. "పైపులు బాగుండాయి. బెల్టూ బాగుండాది. బండి స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి... వెయ్యండి సార్."

'సార్' అనగానే లోహిత్‌కు నవ్వాగలేదు. ఏసీ వేశాడు. హరిత చెవి ఒగ్గి వింది.

"ఏసీ వేసినా రేడియేటర్ ఫ్యాన్ తిరగలే. తప్పంతా ఆడనే ఉండాది."

బండి ఆపించి, ఫోన్ టార్చి వేసి లోపలికి చూసింది. ఫ్యాన్ రెక్కలకు చుట్టుకుపోయి పసుపు గుడ్డ ఒకటి కనిపించింది. మెల్లగా లాగితే దారంతో సహా ఒక ముడుపు బయటికొచ్చింది.

సిద్ధమ్మకు ముచ్చెమటలు పోశాయి.

"నేనే పెట్టినాను. బండికి దిష్టి తగలకూడదని. బయట కడితే వీడు నవ్వుతాడని లోపల దూర్చినాను."

"అమ్మా!" లోహిత్ తల పట్టుకున్నాడు.

హరిత నవ్వలేదు. ముడుపును కళ్లకద్దుకుని సిద్ధమ్మ చేతిలో పెట్టింది. ఫ్యాన్ బిగుసుకుని కాలిపోయిన ఫ్యూజు తీసి, ఫ్యూజుల డబ్బాలోనే ఉన్న స్పేర్ వేసి, బండి మళ్లీ స్టార్ట్ చేయించింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"ఇంగ అపశకునం యాడుందమ్మా?"

"లేదులే. అది నా నిర్వాకం," సిద్ధమ్మ నవ్వేసి, వెంటనే కళ్లు చిన్నవి చేసింది. "మరి మీ నిర్వాకమేంది? ఎప్పట్నించి వీణ్ని 'రా' అంటాండావు?"

"అంగళ్లు ఊరి కాలేజీలో ఉన్నప్పట్నించి," హరిత తల దించుకుంది. "మదనపల్లె నుంచి ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్లం."

"చెప్తే భయపడతావని చెప్పలేదమ్మా," అన్నాడు లోహిత్.

"చెప్తే భయపడతాను. చెప్పకపోతే ఇంకా భయపడతాను!"

"నువ్వొద్దంటే ఇప్పుడే వెనక్కి తిప్పుతా. కానీ ఇంకో పిల్లను మాత్రం సూడను."

సన్నగా తుంపర మొదలైంది. సిద్ధమ్మ హరిత వైపు చూసింది. పట్టుచీర కొంగుకు నల్లటి మరక. కళ్లలో బెదురు. లోకంలో అన్నింటికీ తాను భయపడడమే గానీ, తన నోటి మాట కోసం ఇంకొకరు ఇలా భయపడడం సిద్ధమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె మనసు కరిగిపోయింది.

"బండి ఇప్పుడే కదులుతాదా?"

"చల్లారినాక నీళ్లు పోసి బయలుదేరాలమ్మా. కొంచేపు పడతాది."

"అంతలో రాహుకాలం వచ్చేస్తాది. వాడు బండి తీసుకోని నిదానంగా వస్తాడు. పెద్దదాన్ని నేను ముందు పోయి మీ ఇంట్లో కూర్చుంటా. నీ స్కూటర్ తియ్యి."

లోహిత్ నోరు తెరిచాడు. "నా బైకెక్కమంటే ఏడ్చేదానివి కదమ్మా!"

"నీ డ్రైవింగ్ నాకు తెలుసు. నోరు మూసుకోని నీళ్లు యాడుండాయో సూడు."

స్కూటర్ కదిలింది. సిద్ధమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"నడుము గట్టిగా పట్టుకోండి అత్తా."

అత్తా! సిద్ధమ్మ ఒక కన్ను తెరిచింది. ఎదురుగా టమోటా బుట్టల లారీ వస్తోంది.

"హారన్ కొట్టు! లారీ వస్తాండాది!"

హరిత కొట్టింది.

"అదేం సప్పుడు? ఇంకా గట్టిగా కొట్టు కోడలా!"