సొరంగం బొమ్మ

“పెదనాన్నా, తర్వాత ఏది?” వెనక సీట్లోంచి ఎమిల్ అడిగాడు.

“బొమ్మ చూడు నాన్నా,” అన్నాడు కారు నడుపుతున్న ఐలా వాళ్ళ నాన్న.

ఎమిల్ ఒళ్ళో ఒక పొడవాటి పట్టీ ఉంది. దాని మీద వరసగా బొమ్మల కార్డులు అతికించి ఉన్నాయి. దారిలో ఏది వస్తే ఆ కార్డు పీకి సంచిలో వేయాలి.

“రోల్స్ కొట్టు!” అన్నాడు ఎమిల్.

పక్క సీట్లో కూర్చున్న ఐలాకు కడుపు మండిపోయింది.

ఐలాకు ఆటిజం ఉంది. బాబాయి కొడుకు ఎమిల్‌కూ ఉంది. ముందు ఏం వస్తుందో తెలియకపోతే ఇద్దరికీ కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే ప్రతి థ్యాంక్స్‌గివింగ్ పండక్కీ నానమ్మ దగ్గరికి బయల్దేరే ముందు నాన్న వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఐలా కోసం బొమ్మలు గీసేవాడు. ఐలా పక్కనే కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కేది. ప్రతి బొమ్మలోనూ ఒక చిన్న కారు, అందులో ఎర్ర టోపీ పెట్టుకున్న ఐలా.

“నాకు పదేళ్ళొచ్చాయి. ఇంక నాకొద్దు,” అని ఈసారి ఐలాయే చెప్పింది.

వద్దంటే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారని ఎవరనుకుంటారు? పిన్నికి పాప పుట్టడంతో ఎమిల్ వీళ్ళతో బయల్దేరాడు. నాన్న మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎమిల్ పెన్సిళ్ళు చెక్కాడు. ఇప్పుడు బొమ్మల్లోని కారులో ఉన్నది ఎమిల్ పసుపు టోపీ.

రోల్స్ కొట్టు దగ్గర, ముందు సీట్లో ఉన్న అమ్మ ఎమిల్‌ని బాత్రూంకి తీసుకెళ్ళింది. నాన్న కారమెల్ రోల్స్ అనే తీపి బన్నులు కొనడానికి దిగాడు. పట్టీ సీటు మీదే ఉంది.

అందులో సొరంగం బొమ్మ అన్నిటికన్నా బాగుంది. నల్లటి గుహ, లోపల వరసగా దీపాలు, మధ్యలో ఆ పసుపు టోపీ. ఐలా దాన్ని చర్రున పీకి కోటు జేబులో కుక్కేసింది.

ఏమవుతుందో ఆమెకు తెలియదా? బాగా తెలుసు. అయినా పీకింది. అసూయ పుట్టినప్పుడు తెలివి పనిచేయదు మరి.

డులూత్ ఊళ్ళోకి రాగానే రోడ్డు ఒక్కసారిగా నేలలోకి దూరింది. చీకటి. దీపాలు మెరిసి మాయమవుతున్నాయి. పక్కన ఒక లారీ గర్జించింది.

“ఇది లేదు! రోల్స్ తర్వాత సరస్సు! ఇది లేదు!” ఎమిల్ గొంతు చించుకున్నాడు. ముందు సీటును తన్నాడు. తన చెయ్యి తానే కొరుక్కున్నాడు. ఐలా చెవులు గట్టిగా మూసుకుంది.

సొరంగం దాటాక నాన్న సరస్సు పక్కన కారు ఆపాడు. ఎమిల్ దిగి, చలిగాలిలో గులకరాళ్ళ మీద ముడుచుకుని కూర్చున్నాడు.

“గీశాననే అనుకున్నానే. మర్చిపోయినట్టున్నాను. తప్పు నాదే,” అన్నాడు నాన్న, మొహం చిన్నబుచ్చుకుని. “లే నాన్నా, ఇక నానమ్మ ఇల్లే. చూడు, బొమ్మ ఉంది.”

“బొమ్మలు అబద్ధం!” ఎమిల్ పట్టీని విసిరికొట్టాడు. “నేను కారెక్కను!”

 ఐలా జేబులోంచి నలిగిన కార్డు తీసింది.

“నాన్నా, నువ్వు మర్చిపోలేదు. నేనే పీకేశాను.”

“నువ్వా? ఎందుకమ్మా?”

“అక్కడ నా టోపీ ఉండేది.”

నాన్న ఆమె చేతిలోంచి కార్డు తీసుకుని మడతలు సాపు చేశాడు. తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

ఐలా వెళ్ళి ఎమిల్‌కి కొంచెం దూరంలో కూర్చుంది. ఇలాంటప్పుడు దగ్గరికి రాకూడదని ఆమెకు తెలుసు.

“సొరంగం బొమ్మ నేనే తీశాను, ఎమిల్.”

ఎమిల్ తల ఎత్తకుండానే అడిగాడు. “ఇంకేం తీశావు?”

“ఇంకేం తీయలేదు.”

“నేను నమ్మను.”

ఎలా నమ్ముతాడు? తనైనా నమ్మదు. ఐలా లేచి, అమ్మ దగ్గర రంగు పెన్సిళ్ళు తీసుకుంది. రోల్స్ తెచ్చిన కాగితం సంచి చింపి గీయడం మొదలుపెట్టింది.

“ఇదేంటి?” ఎమిల్ ఓరకంట చూశాడు.

“రైలు గేటు. దగ్గరికెళ్తే గంట మోగుతుంది. పెద్దగా మోగుతుంది. నాన్న ఇది ఎప్పుడూ గీయడు. ఆయనకి ఆ గంట ఒక లెక్క కాదు. నాకు తల పగిలిపోతుంది.”

“నాక్కూడా,” అన్నాడు ఎమిల్. కొంచెం దగ్గరికి జరిగాడు. “తర్వాత?”

ఐలా ఒక గుమ్మం గీసింది. గుమ్మం నిండా నోళ్ళు తెరుచుకున్న మనుషులు. బయట రెండు టోపీలు.

“పసుపుది నేను,” అన్నాడు ఎమిల్. అని లేచి, తనంతట తానే కారెక్కాడు.

కాసేపటికి రైలు గేటు వచ్చింది. గంట మోగకముందే ఇద్దరూ చెవులు మూసుకున్నారు. రైలు వెళ్ళిపోయాక ఎమిల్ గంట బొమ్మను వేలితో నొక్కాడు.

“ఉంది,” అన్నాడు.

“ఈ గంట సంగతి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేమే?” నాన్న అద్దంలోంచి ఐలాను చూశాడు.

“నువ్వు అడగలేదుగా!”

అమ్మ ఫక్కున నవ్వింది. ఎమిల్ మాత్రం నవ్వలేదు. కాగితం తీసి ఐలా ఒళ్ళో పెట్టాడు.

“అక్కా, తర్వాత ఏది?”

“నానమ్మ గుమ్మం. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకేసారి వాటేసుకుంటారు,” అంది ఐలా. “మనిద్దరం చివర్న దిగుదాం.”