గిలక ఊపిన చెయ్యి

వినీత అరుగు మీద కూర్చుని కత్తెరతో ఫోటో అంచు కోసేసింది.

అది వాళ్ల అవ్వ బుల్లమ్మ చిన్నప్పటి ఫోటో. నలుపు తెలుపుది. ఏడాది పాప కుర్చీలో కూర్చుని పక్కకు చూసి నవ్వుతోంది. ఆ పక్కన పరదా. పరదా వెనక నుంచి ఒక చెయ్యి, చేతిలో పిల్లలాడే గిలక. మనిషి కనబడదు.

పాత ఫోటో తెచ్చి, అందులో ఎవరున్నారో చెప్పమన్నాడు హిందీ మీడియం స్కూల్లో సర్. పక్కింటి మంగ్లీ ఇది చూసి "భూతం చెయ్యి" అని నవ్వింది. రేపు క్లాసంతా నవ్వుతుంది. అందుకే వినీత ఆ చెయ్యి ఉన్న అంచు కోసేసింది. అవ్వను అడగలేదు.

"చూడవ్వా, ఎంత మంచిగైందో."

అవ్వ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. కోసిన అంచును బొటనవేలితో తడిమింది.

"మా అమ్మ ఏదే?"

"మీ అమ్మ ఇందులో లేదు గదా."

"ఆ చెయ్యి ఎవరిదనుకున్నవ్? భద్రాచలం నుంచి ఫోటోలాయన తర్లగూడ అంగడికొచ్చిండంట. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుద్దని అమ్మ పరదా వెనకే ఉన్నదంట. నేను ఏడుస్తుంటే గిలక ఊపిందంట. అయినా నాకు రెండేళ్లప్పుడే పోయింది. మొకం యాదికి లేదు. ఆ చెయ్యొక్కటే ఉండె నాకు."

అవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వినీత అరుగు దిగి వెతికింది. ముక్క లేదు. వాళ్లమ్మ అప్పుడే వాకిలి ఊడ్చి చెత్తకుప్పలో పోసింది.

"మంగ్లీ, రా. భూతమన్నది నువ్వే గదా. వెతుకు."

"అంటే అన్న. కొయ్యమన్ననా?" అంటూనే మంగ్లీ వచ్చింది.

ఇద్దరూ ఆకులు, బూడిద, వాడిన ఇప్పపూలు చేతులతో కెలికారు. ముక్క మంగ్లీకే దొరికింది. బూడిద ఊదింది.

"మణికట్టు మీద పచ్చబొట్టు. మూడు చుక్కలు. మా అమ్మకు గూడ ఇట్లనే ఉంటయ్."

ఈసారి నవ్వలేదు.

వెనక అట్ట పెట్టి, అన్నం మెతుకులతో అతికించారు. మధ్యలో గీత పోలేదు. అవ్వ ఆ గీతను దాటించి వేలు గిలక మీద పెట్టింది.

"దీని చప్పుడు గూడ యాదికి లేదే" అంది.

మర్నాడు క్లాసులో సర్ ఫోటో పైకెత్తి హిందీలో అడిగాడు, "ఒక్క పాపేనా?"

"సర్, పక్కన భూతం చెయ్యి" అన్నాడు ముకేష్. కొందరు నవ్వారు.

వినీత ఫోటో దగ్గరికి వెళ్లింది. మూడు చుక్కల మీద వేలు పెట్టింది.

"ఇద్దరున్నరు సర్. ఈ పాప మా అవ్వ. ఈ చెయ్యి వాళ్లమ్మది. ఆమెను చూసే మా అవ్వ నవ్వుతోంది."