నిమిషానికి పద్దెనిమిది

"పన్నెండు రోజులు. పన్నెండు రోజులూ పద్దెనిమిదేనా?"

సాయిచరణ్ డైరీని బల్ల మీద ఆమె వైపు తిప్పాడు.

కెరెన్ తొణకలేదు. "అయితే?"

"ఇక్కడ రాయాల్సింది మనసుకి ఏమనిపించిందోనండీ. మీరేమో నిమిషానికి ఎన్ని ఊపిర్లో రాశారు. ఇది వార్డులో చార్ట్ కాదు."

"నర్సుని. చేతికొచ్చింది రాశాను."

"ఎవరి ఊపిరీ రోజూ ఒకే లెక్కలో ఉండదు కదా. నిజం చెప్పండి, ధ్యానంలో కూర్చోకుండానే రాసేశారు కదూ?"

"ఓహో, దొంగని పట్టుకున్నారన్నమాట! ఠీక్ హై. నా పేరు కొట్టెయ్యండి."

సంచి భుజాన వేసుకుని విసురుగా గుమ్మం దాకా వెళ్లింది. బయట ఆగస్టు వాన. ఢిల్లీ మొత్తం తెల్లటి తెర వెనక్కి వెళ్లిపోయినట్టుంది. గొడుగు లేదు. కోపంగా వెళ్లిపోవడానికి అది ఏమాత్రం అనువైన వాన కాదు.

అది 2008. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ఎనిమిది వారాలు ధ్యానం నేర్పి, ముందూ తర్వాతా మెదడును స్కాన్ తీసి చూసే పరిశోధన. సాయిచరణ్ అందులో రీసెర్చ్ స్కాలర్. బేర్ సరాయ్‌లో అద్దె గది, మెస్సు భోజనం. తెలుగువాళ్ల డైరీలన్నీ అతని వంతు. కెరెన్ జనక్‌పురి నుంచి వస్తుంది. ఏప్రిల్‌లో వాళ్ల అమ్మ సరళకుమారి పోయింది.

అతను రెండు కప్పుల టీతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మిమ్మల్ని దొంగ అనలేదు నేను."

"అనుకున్నారు."

"అనుకున్నాను. సారీ."

ఆమె టీ అందుకుంది. కాసేపు వానతో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది.

"మా అమ్మా నర్సే. ఊపిరి లెక్కపెట్టడం నాకు నేర్పింది ఆవిడే. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకోవాలి, దృష్టి మాత్రం గుండెల మీద ఉండాలి. చూస్తున్నారని తెలిస్తే ఎవరి ఊపిరైనా మారిపోతుందట."

"అచ్ఛా!"

"చివరి రోజు అమ్మ చెయ్యి అలాగే పట్టుకున్నాను. కళ్లు తెరిచి నవ్వింది. 'నా దగ్గరా నీ వేషాలు? ఎంతే?' అంది. నిజానికి ఎనిమిదే. నేను మామూలు మనిషి లెక్క చెప్పాను, పద్దెనిమిది అని."

సాయిచరణ్ చేతిలో టీ చల్లారిపోయింది.

"మీరేమో కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమంటారు. మూసుకోగానే లెక్క మొదలవుతుంది. ఎనిమిది రాగానే లేచిపోతాను. అమ్మకి చెప్పిన అంకే మీకూ చెప్పాను."

"అంటే రోజూ కూర్చున్నారా?"

"రోజూ. ఎనిమిది దాకా."

అతను కప్పు కింద పెట్టాడు. "ఊపిరి వద్దు," అన్నాడు. "ఈ వాన వినండి. వాన లేనిరోజు ఫ్యాను. మనసు అమ్మ దగ్గరికి వెళ్తే వెళ్లనివ్వండి. వెళ్లిందని గుర్తించి, మళ్లీ వినండి."

"బాధ తగ్గిపోతే? దాంతోపాటు అమ్మ కూడా పోతే?"

"మెదడులో ఒక అలారం ఉంటుందండీ. దుఃఖంలో ఊరికే మోగుతుంటుంది. అది సద్దుమణిగితే జ్ఞాపకం పోదు, జ్ఞాపకం పక్కన కాసేపు కూర్చోగలుగుతామని మా ఊహ. ఇంకా ఊహే. తేల్చుకోవడానికే కదా మిమ్మల్ని ఆ గొట్టంలో పడుకోబెట్టింది."

"కదలొద్దన్నారు. ఇరవై నిమిషాలూ ముక్కు దురదే."

ఇద్దరూ నవ్వారు. వాన తగ్గినా ఆమె వెంటనే వెళ్లలేదు.

ఆ తర్వాత డైరీలో అంకెలు లేవు.

"ఫ్యాను. అమ్మ. ఫ్యాను."

"ఎదురింటి ఆంటీ కుక్కర్ నాలుగు విజిళ్లు. అమ్మ అయితే మూడుకే కట్టేసేది."

"ధౌలా కువాన్ దగ్గర బస్సులో ఏడ్చాను. నా స్టాప్ మాత్రం తప్పలేదు. ఏప్రిల్ తర్వాత ఏడవడం ఇదే మొదటిసారి."

సాయిచరణ్ వాటిని పరిశోధన కోసం ఒకసారి చదివేవాడు. రెండోసారి ఎందుకు చదువుతున్నాడో తనకు తెలుసు. కానీ స్టడీ ముగిసేదాకా పెదవి విప్పకూడదు. నియమం.

అక్టోబరులో రెండో స్కాన్ అయింది. కెరెన్ చెదిరిన జుట్టు సర్దుకుంటూ వచ్చి డైరీ ఇచ్చింది. ఆఖరి పేజీలో ఇలా ఉంది:

"ఇవాళ ఊపిరినే గమనించాను. ఎనిమిది తర్వాత తొమ్మిది వచ్చింది. ఆపైన లెక్క మర్చిపోయాను. అమ్మని మర్చిపోలేదు."

చివరి మాటకొచ్చేసరికి అతని కళ్లకి అక్షరాలు అలుక్కుపోయాయి.

"స్కాన్‌లో ఏం కనిపించింది?" అంది.

"ఒక్కరి బొమ్మ చూసి ఏమీ చెప్పకూడదండీ."

"మరి చెప్పదగ్గది ఏమన్నా ఉందా మీ దగ్గర?"

బయట ఏడాకుల చెట్లు పూశాయి. సాయంత్రమంతా ఆ మత్తు వాసన. ఇద్దరూ గేటు వైపు నడుస్తున్నారు.

"ఇవాళ్టితో మీ పేరు కొట్టేశాం," అన్నాడు.

"అయ్యో! ఇప్పుడా?"

"అందుకే ఇప్పుడు చెప్పొచ్చు. అంటే... నేను... అసలు..."

రెండు నెలలు కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పలకలేదు. కెరెన్ ఆగి, అతని మణికట్టు పట్టుకుంది.

"నాడి చూస్తున్నారా?"

"చూస్తున్నట్టు నటిస్తున్నాను."

ఆ రహస్యం తెలిసినవాడే కనుక అతని ఊపిరి వెంటనే లయ తప్పింది. ఆమె కళ్లు మూసుకుంది. ఒక పువ్వు రాలి ఆమె భుజం మీద పడింది. ఇద్దరూ దులపలేదు.

"ఎంత?" అన్నాడు మెల్లగా.

"లెక్కపెట్టలేదు," అంది కెరెన్, చెయ్యి వదలకుండానే. "ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రండి. డాడీకి చెప్పేశాను."