ఐదు గోళ్ల డ్రాగన్

“గోళ్లు లెక్కపెట్టు. డ్రాగన్ పాదానికి ఐదుంటే, ఆ మనిషే సామ్రాట్,” అన్నాడు చీఫ్ చక్రపాణి.

సైదాబాద్ సందులో ఆగిన కార్లో ఏజెంట్ హెప్సిబా తలూపింది.

పూర్వం చైనా దర్బారులో పెద్ద ఉద్యోగి అంగీ మీద కొంగను, సేనాని అంగీ మీద సింహాన్ని కుట్టేవారట. ఐదు గోళ్ల డ్రాగన్ మాత్రం చక్రవర్తి సొత్తు. ఈ విదేశీ ముఠా ఆ బొమ్మలనే ర్యాంకులుగా వాడుతోంది. కొంగ కొరియర్‌ది, సింహం హంతకుడిది. సామ్రాట్ ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

“విషవాయువు నింపిన పింగాణీ జాడీ ఒకటి సిటీలోకి దిగింది. టైమర్ ఆపే కోడ్ సామ్రాట్‌కే తెలుసు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ మృదుల ఉంది. కోడ్ వర్డ్, మల్లెపూలు.”

దిల్‌సుఖ్‌నగర్‌లోని ముఠా నడిపే పెళ్లి డెకార్ షోరూమ్‌కి హెప్సిబా జరీచీర కట్టి, పెళ్లివారి మనిషిలా వెళ్లింది. గుమ్మంలో నిలబడ్డవాడి కోటుకి వెండి సింహం. వాడు ఎగాదిగా చూస్తుంటే చెంగు సర్దుకుంటూ లోపలికి నడిచింది.

“మల్లెపూలు దొరుకుతాయా?”

“మా దగ్గర కాగితం పూలేనండీ,” నవ్వింది మృదుల. పట్టుజాకెట్టు, పొడుగు చేతులు, మత్తెక్కించే సెంటు. మూతపెట్టిన నీలి జాడీని హెప్సిబా చేతుల్లో పెట్టి గుసగుసలాడింది. “గ్యాస్ తీసేశాను, ఉత్త జాడీ. ఎల్బీ నగర్‌లో మీ టీమ్‌కి ఇచ్చేద్దాం. పోలీసు చెకింగ్ దగ్గర మీ ఐడీ చూపిస్తే వదిలేస్తారు.”

ఇద్దరూ ఆటో ఎక్కారు.

“జర గట్టిగ పట్టుకోండి మేడం, రోడ్డంత గుంతలే,” అన్నాడు డ్రైవర్ జంగయ్య.

మృదుల పైన కమ్మీ పట్టుకుంది. జాకెట్టు చెయ్యి కిందికి జారింది. మణికట్టుకి బంగారు కడియం, దాని మీద డ్రాగన్. హెప్సిబా లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఐదు.

ఒళ్లో జాడీ సన్నగా అదురుతోంది. తన చేతులే ఒణుకుతున్నాయనుకుంది. కాదు, లోపలేదో తిరుగుతోంది!

ఎదురుగా ఎల్బీ నగర్ మెట్రో మెట్ల మీంచి జనం వరదలా దిగుతున్నారు.

“ఇక్కడాపండి, నేను దిగిపోతాను,” అంది మృదుల వాచీ చూసుకుని.

హెప్సిబా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. క్లిక్! బేడీ ఒకటి మృదుల చేతికి, రెండోది తన చేతికి.

“పిచ్చెక్కిందా? వదులు!”

“కోడ్ చెప్పు,” అంది హెప్సిబా కీచుగొంతుతో. “లేదంటే ఇద్దరం ఇక్కడే పోతాం.”

“ఏందమ్మా గా లొల్లి?” వెనక్కి తిరిగాడు జంగయ్య.

“అన్నా, ఆటో ఆపి ఉరుకు! అందర్నీ దూరం పొమ్మను!”

అతను ఉరికాడు. మృదుల గుంజింది, రక్కింది, కొరికింది. హెప్సిబా “యేసయ్యా” అనుకుంటూ జాడీని మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి మూత లాగింది. దాని కింద కీప్యాడ్ మీద ఎర్రంకెలు తరిగిపోతున్నాయి. అవి చూడగానే మృదుల ముఖం పాలిపోయింది.

“నాలుగు, సున్నా, ఏడు, రెండు! నొక్కు, తొందరగా నొక్కు!”

చెమటకి వేలు జారింది. చీరకి తుడుచుకుని మళ్లీ నొక్కింది. ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది.

ఎల్బీ నగర్‌లో కాచుకున్న టీమ్‌తో పరుగెత్తుకొచ్చిన చక్రపాణి ఆటోలోకి తొంగిచూశాడు. “శభాష్! భయపడలేదు కదా?”

“లేదు సార్,” అంది హెప్సిబా, పళ్లు టకటకలాడుతుంటే. “బేడీల తాళంచెవి మాత్రం ఆఫీసులోనే మర్చిపోయొచ్చాను.”