ఇరవై రెండు ఎర్రదీపాలు

2081 నాటికి బడుల్లో హాజరు పిలవడం మానేశారు. గేటు దగ్గర ఒక గొట్టం ఉంటుంది. పిల్లలు మెడలో కార్డు చూపి అందులో ఊదాలి. ఆకుపచ్చ దీపం వెలిగితే లోపలికి, ఎర్రది వెలిగితే ఇంటికి. దాని పేరు శ్వాసమాపకం. జనం ఊదుడు గేటు అనేవారు. ఊపిరిలోని అణువులను పసిగట్టి, జ్వరం ముదరకముందే అది జబ్బు పేరు చెప్పేది.

మందులూ దాని చేతిలోనే ఉండేవి. వెనకటి తరం తుమ్మినా దగ్గినా యాంటీబయాటిక్స్ మింగి క్రిములను మొండి చేసింది. పనిచేసే మందులు కొన్నే మిగిలాయి. వాటిని బడిలోని ఔషధపేటికలో ఉంచేవారు. ఎర్రదీపం ఎవరికి వెలిగితే వారికే పేటిక ఏడు రోజుల పొట్లం ఇస్తుంది. దాన్ని ఇంకొకరికి ఇస్తే పిల్ల పేరు బడి నుంచి కొట్టేస్తారు. ఇచ్చింది తల్లయినా, టీచరయినా అంతే.

ఈ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ కమలాకరం మనుషుల్ని నమ్మడు. నమ్మకపోవడం వల్లే తన గేటు పనిచేస్తోందని అనేవాడు. ఎర్రదీపం పడిన పిల్ల ఇంట్లోవాళ్లంతా పది రోజులు పనిలోకి పోకూడదన్న నియమం కూడా ఆయనదే.

సముద్రం ఒడ్డున రొయ్యల షెడ్డు కాలనీకి ఆ నియమం ఉరితాడయింది. పది రోజులు రాని మనిషిని షెడ్డు మళ్లీ తీసుకోదు. కాలనీ ఒక ఉపాయం కనిపెట్టింది. రొయ్యలు ఒలిచే సత్యవేణి కూతురు పావనికి ఎనిమిదేళ్లు. ఒక్కనాడూ పడకేసి ఎరగదు. రోజూ తెల్లవారగానే ఆ పిల్ల ఇరవై రెండు రబ్బరు బుడగలు ఊదేది. ఇరుగుపొరుగు పిల్లలు వాటిని చొక్కా చేతుల్లో దాచుకుని పోయి, గొట్టంలో వదిలేవారు. బదులుగా ఒకరు సత్యవేణికి నీళ్లు మోసేవారు, ఇంకొకరు ఆమె వాటా రొయ్యలు ఒలిచేవారు. మూడేళ్లు ఆ బడిలో ఎర్రదీపం వెలగలేదు. ప్రభుత్వం మెచ్చుకుంది.

ఆషాఢంలో ఒక పొద్దున బుడగలన్నీ ఊదాక పావని గొంతు నొప్పి అంది. సత్యవేణి నుదురు తాకి చూసింది. వెచ్చగా ఉంది. అప్పటికే వాకిట్లో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బుడగలు లేవంటే పిల్ల జబ్బు సంగతి తెలిసిపోతుంది, షెడ్డులో పని పోతుంది. ఆమె బుడగలన్నీ పంచింది. కూతురికి మాత్రం ముందురోజు మిగిలిన బుడగ ఇచ్చి పంపింది.

ఆ రోజు గేటు దగ్గర ఇరవై రెండు ఎర్రదీపాలు వెలిగాయి. కంఠవ్రణం, ప్రాణాంతకం అంది యంత్రం. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండు మందికీ పేటిక పొట్లాలిచ్చి ఖాళీ అయింది. జబ్బు పిల్ల లోపల పాఠం వింటూ కూర్చుంది.

మూడోనాటికి పావని నీళ్లు కూడా మింగలేకపోయింది. సత్యవేణి ఆ పిల్లను భుజాన వేసుకుని బడికి వచ్చి, హెడ్మిస్ట్రెస్ రూతమ్మ ముందు అంతా చెప్పేసింది. విచారణకు వచ్చిన కమలాకరం పక్కనే ఉన్నాడు. కొత్త మందు రావడానికి నాలుగు రోజులు పడుతుంది.

రూతమ్మ కాలనీకి వెళ్లి ఒక్క పొట్లం ఇమ్మని గడపగడపా అడిగింది. అందరూ ఒకే మాట అన్నారు. సత్యవేణికి మూడేళ్లు నీళ్లు మోసిన నూకరత్నం గుమ్మంలోనే నిలబడింది.

"మా పిల్లకి జబ్బని మీ మిషనే చెప్పింది కదండీ. జబ్బు పిల్ల మందు ఎలాగ ఇచ్చేస్తానండీ?"

ఆమె వెనక ఆ పిల్ల తాడాట ఆడుతోంది.

రూతమ్మ తిరిగి వచ్చి కమలాకరాన్ని అడిగింది. "గేటు మోసపోయిందని మీరు ఒక్క ముక్క రాయండి సార్. శిక్ష లేదంటే వాళ్లే తెచ్చి ఇస్తారు."

"రాస్తే రాష్ట్రంలో గేట్లన్నీ పీకేస్తారమ్మా."

"పిల్ల పోతుంది."

"రేపటిదాకా చూద్దాం" అన్నాడు.

మర్నాడు బడి గంట కొట్టే వేళకు పావని పోయింది.

కమలాకరం నివేదిక అర పేజీ. కంఠవ్రణం సోకినవారు ఇరవై రెండు మంది, నయమైనవారు ఇరవై రెండు మంది. ఆ వారంలో ఒక బాలిక మరణించింది. గేటు పరీక్షలో ఆమె ఊపిరి శుభ్రంగా ఉంది కనుక ఈ లెక్కలోకి రాదు. అడుగున ఒక కొత్త నియమం చేర్చాడు. కారణం రాయలేదు.

సోమవారం నుంచి రాష్ట్రంలోని బడులన్నిటిలో పిల్లలు రెండు చేతులూ పైకెత్తి నిలబడి గొట్టంలో ఊదారు. మిగతా ఊళ్లలో ఎందుకని అడిగారు. ఆ కాలనీలో ఎవరూ అడగలేదు.