తొమ్మిదో గుంట

నేను ఎక్స్‌రే తీసే పని చేస్తాను. మా గది ఆసుపత్రిలో నేలకి కింద ఉంటుంది. కిటికీ లేదు. పొద్దున్నైనా సాయంత్రమైనా ఒకటే మసక, ఒకటే ఏసీ చలి. కిరణాలు తగలకుండా పెట్టిన సీసం అద్దం వెనక నా కుర్చీ. పేషెంట్లు లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చుని ఫోన్లో గోల్ఫ్ ఆడేవాణ్ణి.

ఆట తేలికే. తొమ్మిది గుంటలు. ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. ఎక్కడెక్కడి వాళ్ళతోనో ఆడొచ్చు. నా పేరు కింద రెండొందల పన్నెండు గెలుపులు, ఓటమి సున్నా అని ఉండేది. అది చూసి నర్సులు నన్ను ఛాంపియన్ అని పిలిచేవాళ్ళు. నేను వద్దనేవాణ్ణి కాదు.

ఆ సున్నా అబద్ధం. ఓడిపోతానని తేలగానే నెట్ ఆపేసేవాణ్ణి. ఆట మధ్యలో తెగిపోతే లెక్కలోకి రాదు. అవతలివాడు ఎదురుచూసి ఎదురుచూసి పోతాడు. వాడి గెలుపు గాల్లో కలిసిపోతుంది. ఎవడో, ఎక్కడివాడో, వాడి మొహం నాకేం తెలుసు అనుకునేవాణ్ణి.

ఒకసారి మాత్రం తెలుసు.

మా అక్క మొగుడు, బావ, గడియారాలు బాగుచేసేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆఖరి నెలంతా మంచం మీదే. పొద్దుపోవడానికి నేనే ఆయనకి ఆ ఆట నేర్పాను. ఓపికైన మనిషి, తొందరగానే పట్టుబడింది. అయినా నన్ను ఎప్పుడూ గెలవలేదు. "ఒక్కసారి నిన్ను ఓడించే పోతానురా బామ్మర్దీ" అని నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగిపోయేది.

ఒక మధ్యాహ్నం నేను ఈ కుర్చీలో, ఆయన ఇంట్లో మంచం మీద ఉండి ఆడుతున్నాం. ఎనిమిది గుంటలయ్యేసరికి ఆయన రెండు దెబ్బలు ముందున్నాడు. తొమ్మిదో గుంటకి ఆయన బంతి జానెడు దూరం. కళ్ళు మూసుకుని కొట్టినా పడుతుంది.

నెట్ ఆపేశాను.

పావుగంటకి అక్క ఫోన్ చేసింది.

"ఒరే, నీకు నెట్ వచ్చిందా అని బావ అడుగుతున్నాడు."

"రాలేదక్కా. కింది గది కదా, అంతే ఇక్కడ."

"సరే, వచ్చాకే ఆడు. ఈయన ఫోన్ కింద పెట్టనంటున్నాడు."

ఆ రోజంతా నేను నెట్ పెట్టలేదు. తెల్లారేసరికి బావ పోయాడు. వచ్చినవాళ్ళంతా నా భుజం తట్టి ఓదార్చారు, ఆఖరిదాకా తోడున్నావని. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

రెండు నెలలు ఆట జోలికి పోలేదు. ఒక వాన రోజు, సాయంత్రం ఆరింటికి పేషెంట్లంతా వెళ్ళిపోయారు. చెయ్యి ఊరుకోలేదు. ఆట తెరిచాను. వెంటనే ఎవరో జత కలిశారు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

ఆ మనిషి నిదానంగా ఆడాడు. ప్రతి దెబ్బకీ ముందు చాలాసేపు ఆగేవాడు, ఆయాసం తీర్చుకుంటున్నట్టు. ఎనిమిది గుంటలయ్యేసరికి నాకంటే రెండు దెబ్బలు ముందున్నాడు. తొమ్మిదో గుంట. అతని బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగింది... జానెడు దూరంలో.

నెట్ ఆపేశాను.

ఆట ఆగలేదు.

మళ్ళీ చూసుకున్నాను. నెట్ లేదు. తెర మీద గడ్డి కదులుతోంది... ఫోనే ఆపేద్దామని బటన్ నొక్కి పట్టుకున్నాను. తెర నల్లబడలేదు. బంతి అక్కడే ఉంది.

అప్పుడు వాసన తగిలింది. ఆవిరి పట్టే మందు వాసన. ఆ ఆఖరి నెలంతా అక్క ఇంట్లో ఉన్న వాసన.

అద్దం అవతల గది ఖాళీ. అక్కడి మాటలు ఇటు వినపడడానికి ఒక మైకు ఉంటుంది. అందులోంచి ఊపిరి... తడిగా లాగుతోంది. ఆగుతోంది. మళ్ళీ లాగుతోంది.

"నెట్... వచ్చిందా?"

రాలేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఈరోజుకీ నాకు అదే సిగ్గు. ప్రాణాలు పోయేంత భయంలో కూడా నా నాలుక ముందు ఆ అబద్ధం వైపే పోయింది.

"వచ్చింది బావా," అన్నాను చివరికి. "కొట్టు."

మైకులో ఊపిరి ఇంకోసారి లాగింది. తర్వాత బంతి మెల్లగా కదిలి గుంటలో పడింది. అదే క్షణాన మెషిన్ గుర్రుమంది. ఎక్స్‌రే తీసినప్పుడు వెలిగే ఎర్ర దీపం తలుపు మీద ఒక్కసారి వెలిగి ఆరింది. నేను స్విచ్ ముట్టుకోలేదు.

ఊపిరి చప్పుడు లేదు. ఫోన్లో నా పేరు కింద, ఓటమి ఒకటి.

వానలో తడుస్తూ అక్క ఇంటికి పోయాను. మైకు సంగతి చెప్పలేదు. ఆ రోజు నెట్ పోలేదని, నేనే ఆపానని గుమ్మంలోనే చెప్పేశాను. అక్క లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆయనకి తెలుసురా," అంది. "'వాడే ఆపేశాడు, ఓడిపోవడం పాపం వాడికి చేతకాదు' అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, చిన్నబుచ్చుకుంటావని."

"మరి నెట్ వచ్చిందా అని ఎందుకు అడిగించాడక్కా?"

"వచ్చిందంటావేమోనని."

తల తుడుచుకోలేదు. ఆ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఎముకల డాక్టరు పైకి పిలిపించాడు. ఆయన కంప్యూటర్ తెర మీద ఛాతీ ఎక్స్‌రే ఒకటి ఉంది. ముందురోజు సాయంత్రం, ఆరూ ఇరవైకి తీసింది. పేషెంటు పేరు లేదు.

"ఇది నీదే కదయ్యా? బండి మీంచి పడ్డప్పుడు నీ కాలర్‌బోన్‌కి ఈ ప్లేటు వేసింది నేనే. ఎందుకు తీయించుకున్నావు?"

ఆ సమయానికి నేను అద్దం ఇవతల, కుర్చీలో ఉన్నాను. మెషిన్ ముందు నిలబడలేదు.

"మెషిన్ ఎలా పనిచేస్తుందో చూద్దామని సార్," అన్నాను. మళ్ళీ అబద్ధమే.

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"సరే. మరి నీ వెనక నిలబడ్డదెవరు?"

నా భుజం ఎముక మీద నాలుగు వేళ్ళ ఎముకలు. గట్టిగా పట్టుకున్నట్టు లేవు... ఊరికే ఆనించి ఉన్నాయి.